ఒకరు నొక్కాలి, ఒకరు చూడాలి

జమ్మలమడుగు,
20 జూన్ 2018.

వలి బాషాకు,

ఎర్రన్న రాస్తున్నాను. లేజర్ అంగడి ఎర్రన్న.

ముందు చెప్పవలసింది చెప్తాను. మా ఆవిడ సంజీవమ్మ పోయింది. ఫిబ్రవరి పద్దెనిమిదిన, తిరుపతి ఆసుపత్రిలో. కడుపులో గడ్డ అని తెలిసేసరికే ఆలస్యమైంది. నీకు ఎవరైనా చెప్పి ఉంటారనుకున్నాను. చెప్పకపోతే ఇదే కబురు.

రెండోది రాయి చెక్కే లేజర్ మిషన్ సంగతి. మూడు నెలలు మూసిపెట్టి మే నెలలో తీశాను. మొదట నల్లరాయి మీద అక్షరం తెల్లగానే పడింది. రానురాను బూడిద రంగుకు దిగింది. ఇప్పుడు గీత కూడా పడటం లేదు. ట్యూబులో ఊదారంగు వెలుగు కనిపిస్తుంది, రాయి మీద మాత్రం ఏమీ ఉండదు. బెంగుళూరు వాళ్ళను అడిగితే ట్యూబు అయిపోయిందన్నారు. కొత్తది ఆర్టీసీ పార్సిల్లో పంపారు. బిగించే మనిషి రావడానికి రెండు నెలలు పడుతుందట. ఈ చుట్టుపక్కల ఆ పని తెలిసినవాడివి నువ్వొక్కడివే.

మిషన్ నడిపింది ఆమె. కంప్యూటర్లో బొమ్మ గీసింది ఆమె. నేను గిరాకీలతో మాట్లాడేవాణ్ణి, రాళ్ళు దింపించేవాణ్ణి. పదేళ్ళు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పాను, నీకూ చెప్పాను. మూత తీసి చూస్తే ఏ తీగ ఎటు పోతుందో తెలియలేదు.

పాత ట్యూబు కొసన ఆమె మార్కరుతో రాసిన తేదీ ఉంది. 12-10-2017. నువ్వు బిగించిన రోజు. ఆ తేదీ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు. దాని గురించి ఈ ఉత్తరంలో రాయలేను.

నిన్ను చూడటానికి రాలేదు. కారణం కూడా రాయలేను. లోపల స్టాంపు అంటించిన కవరు పెట్టాను. వీలైతే ట్యూబు ఎలా మార్చాలో రాయి.

ఎర్రన్న


కేంద్ర కారాగారం, కడప,
29 జూన్ 2018.

గౌరవనీయులైన సారుకు, వలి బాషా సలాం.

అక్క సంగతి మీ ఉత్తరంలోనే తెలిసింది. రెండు రోజులు కలం పట్టలేకపోయాను. నేను అంగట్లోకి అడుగు పెట్టగానే ఆమె అనే మాట ఒకటుంది. "వలీ, ముందు తిను. ఆకలితో ఉండే చెయ్యి వణుకుతాది, గాజు పగులుతాది." తినకుండా స్క్రూడ్రైవర్ ఇచ్చేది కాదు. అల్లా ఆమెకు మంచి చోటు ఇస్తాడు.

ఇక మిషన్. ఒక ట్యూబు ఇంత తొందరగా పోకూడదు సార్. చల్లబరిచే బకెట్లో ఏ నీళ్ళు పోస్తున్నారు? అది రాయండి.

మార్చే పద్ధతి ఇది. ముందు ప్లగ్గు పీకండి. స్విచ్చి ఆపితే చాలదు. పీకి గంటసేపు ఆ పక్కకు పోవద్దు. ఎర్ర తీగలో కరెంటు దాక్కొని ఉంటుంది, మనిషిని పడేస్తుంది. తర్వాత నీళ్ళ పైపులు ఊడదీసి ట్యూబులోని నీళ్ళన్నీ వంచేయండి. పాత ట్యూబు ఎటు తిరిగి ఉందో కాగితం మీద గీసుకొని, అప్పుడు ఎత్తండి. కొత్తదానికి తీగ చుట్టాలి, అతకడానికి కాకపెట్టకూడదు, గాజు చిట్లుతుంది. చుట్టి, రబ్బరు తొడుగు ఎక్కించి, దాన్నిండా తెల్లగమ్ము నింపండి. గమ్ము ఎండాలి. నేనైతే నాలుగు గంటలు ఆగుతాను. మీరు ఒక రోజు ఆగండి. అద్దాల సంగతి తర్వాత రాస్తాను.

ఈ ఉత్తరం మీకంటే ముందు ఇక్కడి ఆఫీసులో చదువుతారు. దాచేదేమీ లేదు కాబట్టి రాస్తున్నాను. ట్యూబు బిగించిన ఆ పొద్దు మధ్యాహ్నం మూడు గంటలకు, పార్టీలో తిరిగే నాగప్ప తమ్ముడు చిన్నన్నను చేనిదారిలో బాంబులేసి చంపారు. మా అన్న హబీబుల్లా అవతలి పార్టీ నాయకుడి జీపు తోలుతాడు. మన దిక్కు ఫిర్యాదు ఎట్లా రాస్తారో మీకు తెలుసు. చంపినవాళ్ళతో ఆపరు. ఎదుటి ఇళ్ళలో సంపాదించే చెయ్యి ఏదో చూసి దాన్ని కూడా రాస్తారు. నన్ను పదకొండోవాడిగా రాశారు.

లాయరు ఒకటే అడుగుతున్నాడు. ఆ మధ్యాహ్నం నువ్వు లేజర్ అంగట్లో గమ్ము ఎండేదానికి కూర్చొని ఉంటివని చెప్పే మనిషి ఎవరు? ఇద్దరున్నారని చెప్పి ఉన్నాను. ఇప్పుడు ఒకరే అని చెప్పాలి.

నేను మిమ్మల్ని అడగను సార్. మీరు ఆడ అంగడి పెట్టుకొని బతకాల.

మీ విద్యార్థి,
వలి బాషా


జమ్మలమడుగు,
10 జూలై 2018.

వలి బాషాకు,

ఉత్తరం అందింది.

బోరు నీళ్ళు పోశాను. పాత ట్యూబు లోపల గాజుకు తెల్లగా సున్నం పేరుకొని ఉంది. వెలుతురులో పెట్టి చూస్తే ఆ పక్క ఏమీ కనిపించలేదు. అటక మీద బ్యాటరీ నీళ్ళ ఖాళీ క్యాన్లు పదిహేడు ఉన్నాయి. అవి అక్కడ ఎందుకున్నాయని ఆమెను ఎప్పుడూ అడగలేదు. బ్యాటరీ లేని ఇంట్లో అన్ని క్యాన్లెందుకని తోచనూ లేదు.

పాత ట్యూబు తీశాను. నాలుగడుగుల గాజు. రెండు కొసలూ ఒక మనిషి పట్టుకోవడం కష్టం. మిషన్ లోపల దిండు పరిచి, ఒక కొస దాని మీద ఆనించి, అటు పోయి రెండో కొస ఎత్తాను. పగల్లేదు.

కొత్తది పడుకోబెట్టాను. తీగ చుట్టాను. గమ్ము నింపాను. ఎలా పెట్టానో వెనక పేజీలో బొమ్మ గీశాను. తప్పుంటే చెప్పు. నీ ఉత్తరం వచ్చేదాకా స్విచ్చి వేయను.

అద్దాల పని గురించి బెంగుళూరు వాళ్ళ పుస్తకం చదివాను. అద్దం మీద కాగితపు టేపు అంటించాలని, ఒక్క క్షణం లేజర్ వదిలితే చుక్క కాలుతుందని, ఆ చుక్క నడుమ పడేదాకా మరలు తిప్పాలని ఉంది. బటను ఈ మూల, అద్దం ఆ మూల. ఒకరు నొక్కాలి, ఒకరు చూడాలి అని రాశారు. పక్కన కుట్టుమిషన్ల అంగడి అబ్దుల్ సలాం ఉన్నాడు, పిలిస్తే వస్తాడు. పిలవబుద్ధి కాలేదు. ఆ బటను దగ్గర నిలబడింది ఆమె.

వేళకు తింటున్నావా? ఇంట్లో అందరూ బాగున్నారా? మీ అమ్మ జానీబీ వారం వారం చూడటానికి వస్తోందా?

నీ ఉత్తరంలో చివరి భాగం చదివాను.

ఎర్రన్న


కేంద్ర కారాగారం, కడప,
19 జూలై 2018.

సారుకు సలాం.

స్విచ్చి వేయలేదు కదా. వేయొద్దు. మీ బొమ్మలో నీళ్ళు బయటికి పోయే ముక్కు కిందికి ఉంది. అట్లా ఉంటే పైన గాలి బుడగ నిలబడిపోతుంది. బుడగ ఉన్నచోట గాజు కాగుతుంది, గంటలో చిట్లుతుంది. ట్యూబును నిదానంగా తిప్పి ఆ ముక్కు ఆకాశం చూసేటట్టు పెట్టండి. బ్యాటరీ నీళ్ళు పోసి, మోటారు వేసి, చిన్న బుడగ కూడా లేదని నిర్ధారించుకోండి. ఎండ ఎక్కువున్న రోజు అక్క బకెట్లో ఐసు ప్యాకెట్లు వేసేది. పొద్దున్నే పాల అంగడి నుంచి తెచ్చుకునేది. అది కూడా మీకు తెలిసి ఉండదు.

అద్దాలు మూడు. మొదటిది ట్యూబు ముందర. రెండోది పక్క మూల. మూడోది రాయి పైన తిరిగే తల మీద. ఒక్కొక్కదానికి టేపు అంటించండి. మూత వేసి నొక్కండి. మూత తీసి ఉండగా నొక్కొద్దు, ఆ కిరణం కంటికి కనిపించదు, కన్నును మాత్రం తీసుకుపోతుంది. తలను నాలుగు మూలలకూ జరిపి, నాలుగుచోట్లా చుక్క ఒకేచోట పడేదాకా తిప్పుతూ ఉండండి. కరెంటు చూపించే మీటరు ముల్లు పదిహేను దాటనీయొద్దు.

ఆ పొద్దు గమ్ము ఎండినాక నేనూ అక్కా చేసిన పని ఇదే. టేపు మీద నేను మీసాల మొగం ఒకటి గీసి పెట్టాను.

"పడిందా?" అనేది.

"పడిందక్కా."

"యాడ?"

"మీసం కింద."

"ఇంకా పైకి ఎక్కియ్యి. బొట్టు యాడుంటాదో ఆడ పడేదాకా నీకు టీ లేదు."

"మొగోని మొగానికి బొట్టేందక్కా?"

"మొగోని మొగం గీసింది ఎవరు? నేనా?"

మీరు బయట బెంచీ మీద పేపరు చదువుతా నవ్వినారు. నాకు గుర్తుంది.

ఇక్కడ ఫ్యాన్లన్నీ నేనే బాగుచేస్తున్నాను. మిషనాయన అని పిలుస్తారు. కేసు విచారణ డిసెంబరులో మొదలంట. ఇంట్లో సంగతులు రాసేంత లేవు.

ఒక్కరే చేయాలంటే ఉపాయమేమీ లేదు సార్. నొక్కండి, పోయి చూడండి, మళ్ళీ రండి.

వలి బాషా


జమ్మలమడుగు,
6 ఆగస్టు 2018.

వలి బాషాకు,

మిషన్ పనిచేస్తోంది.

ముక్కు పైకి తిప్పాను. బుడగ పోయింది. అద్దాలకు తొమ్మిది రోజులు పట్టింది. నొక్కడం, ఆ మూలకు నడవడం, మూత తీసి చూడటం, మర తిప్పడం, మూత వేసి తిరిగి రావడం. రెండో రోజు నుంచి లెక్కపెట్టడం మానేశాను. ఒకసారి నొక్కి, పడిందా అని అడిగాను. పైకే అడిగాను. తర్వాత నేనే వెళ్ళి చూశాను. పడలేదు.

నిన్న నాలుగు మూలలూ కలిశాయి. రాతిముక్క మీద గీత తెల్లగా వచ్చింది.

ఇప్పుడు నీకు చెప్పనిది చెప్తాను. ఏ పని కోసం ఈ మిషన్ బాగు చేయించుకున్నానో నీకు రాయలేదు.

మేలో నాగప్ప వచ్చాడు. రెండు నల్లరాళ్ళు దింపించాడు. చిన్నన్న పడినచోట అక్టోబరు పన్నెండున, సంవత్సరం నాటికి, నిలబెట్టాలట. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి కాబట్టి వాళ్ళ పార్టీ పెద్దలు వస్తారు. ఒక రాయి మీద చిన్నన్న బొమ్మ. రెండో రాయి మీద, వీళ్ళ చేతుల్లో బలి అయినాడు అని, కింద పదకొండు పేర్లు. కాగితం నా చేతికిచ్చి, "అచ్చరం తప్పు పోకూడదప్పా, తరతరాలు సదవాల" అన్నాడు. చివరి వరుస షేక్ వలి బాషా. సరేనని కాగితం తీసుకున్నాను. మర్నాటి నుంచే మిషన్ మందగించింది. సంతోషించాను. అయినా ట్యూబు తెప్పించాను, నీకే రాశాను. ఆ పేరు చెక్కడానికి ఎలా బిగించాలో నీ చేతే చెప్పించుకున్నాను.

ఇంకొకటి. నిన్ను పట్టుకున్న నాలుగో రోజు పోలీసులు అంగడికి వచ్చారు. పన్నెండో తేదీన వలి బాషా ఇక్కడికి వచ్చాడా అని అడిగారు. ఆ రోజు అంగడి తీయలేదని చెప్పాను. ఆ పొద్దుటే నాగప్ప మనుషులు చిన్నన్న కర్మకు బొమ్మ చెక్కాలని ఫోటో ఇచ్చి వెళ్ళారు. ఫోటో బల్ల మీదే ఉంది. నువ్వు బిగించిన ట్యూబుతోనే ఆ బొమ్మ చెక్కాం. సంజీవమ్మ చెక్కింది. చెక్కుతూ నా వైపు చూడకుండా అంది: "మూసినా అంటివి. ఆ పిల్లోడు ఈడ కూసోని సంగటి తిన్న్యాడు. నేను పోయి చెప్తా." నేను పోనీయలేదు. చెయ్యి పట్టుకొని ఆపాను. పది రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఆమెకు నొప్పి మొదలైంది, దానితో మాట్లాడక తప్పలేదు.

తిరుపతిలో చివరి వారం అడిగింది. వలి కేసు ఏమాయె అని. బెయిలు వచ్చింది, ఇంటికి పోయినాడు అని చెప్పాను. మంచిది అంది.

ఇదీ సంగతి. రాళ్ళు గోడకు ఆనించి ఉన్నాయి. మిషన్ బాగుంది. ఇప్పుడు చెప్పుకోవడానికి సాకు లేదు.

ఎర్రన్న


కేంద్ర కారాగారం, కడప,
21 ఆగస్టు 2018.

సారుకు,

ఉత్తరం అందింది.

అంగడి మూసి ఉందని మీరు చెప్పిన కాగితం ఛార్జిషీటులో ఉంది. దాని నకలు నా దగ్గర జనవరి నుంచి ఉంది. మీ మొదటి ఉత్తరం వచ్చేసరికి దాన్ని చాలాసార్లు చదివి ఉన్నాను. కాబట్టి అది నాకు కొత్త కాదు. రాయి సంగతి కొత్త. అక్కకు చెప్పిన మాట కొత్త.

మీరు మా అమ్మను అడిగారు. ఫిబ్రవరిలో పోయింది. అక్క పోయిన తొమ్మిదో రోజు అని మీ ఉత్తరం చూసినాక లెక్క తెలిసింది. నన్ను చూడటానికి ములాఖత్‌కు వచ్చి తిరిగి పోతూ ప్రొద్దుటూరు బస్టాండులో పడిపోయిందంట. నన్ను ఎస్కార్టుతో రెండు గంటలు తీసుకుపోయారు. చేతికి బేడీ ఉన్నందున మట్టి ఒక చేత్తోనే వేశాను. మీకు మీ బాధ ఉందని రాయలేదు.

పేర్ల రాయి గురించి. చిన్న అక్షరాలకు వేగం తగ్గించండి, పవరు కూడా తగ్గించండి, లేకుంటే ఒత్తులు పూడుకుపోయి చదవడానికి రాదు. నా పేరులో ఒత్తు లేదు, బాగానే వస్తుంది.

మిషన్ నడుస్తోంది కాబట్టి మీకు ఇక రాయాల్సిన అవసరం ఉండదు.

వలి బాషా


జమ్మలమడుగు,
14 అక్టోబరు 2018.

వలి బాషాకు,

అవసరం ఉండదని రాశావు. ఈ ఒక్కటీ చదువు.

మీ అమ్మ సంగతి నాకు తెలియదు. ప్రొద్దుటూరు పోయి మీ వీధిలో కనుక్కున్నాను. హబీబుల్లా వాకిట్లో ఉన్నాడు. నన్ను చూసి లోపలికి పోయాడు. కబరస్తాను కాపలా ఆయన సమాధి చూపించాడు. నాకు అక్కడ ఏం చేయాలో తెలియలేదు. ఎండలో కాసేపు కూర్చొని వచ్చాను.

రాళ్ళు చెక్కాను. బొమ్మ రాయి మొదట చేశాను. సంజీవమ్మ గీసిన ఫైలే కంప్యూటర్లో ఉంది, కష్టం కాలేదు. పేర్ల రాయికి పదకొండు వరుసలూ టైపు చేశాను. నీ పేరు టైపు చేసి నాలుగు రోజులు అలాగే ఉంచాను. పదో తేదీన ఆ వరుస తీసేసి నొక్కాను. పది పేర్లు పడ్డాయి.

పదకొండో తేదీ పొద్దున నాగప్ప టెంపో తీసుకొని వచ్చాడు. చిన్నన్న భార్య గంగులమ్మ కూడా వచ్చింది. ఆమె బొమ్మ రాయి దగ్గరే నిలబడి కొంగుతో దాని మీది దుమ్ము తుడుస్తూ ఉంది. నాగప్ప పేర్ల మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు.

"పదే ఉండాయి."

"పదే."

"పదకొండోది ఏమాయె? మిషను మింగిందా?"

"ఆ పేరు చెక్కను నాగప్పా."

"ఏం? తురకోని పేరు మీ మిషనుకు రాదా?"

"ఆ పొద్దు ఆ మనిషి ఈడ ఉండె. పొద్దున తొమ్మిదికి వచ్చి దీపాలు పెట్టినాక పాయె."

అతను నవ్వాడు. "పోలీసోళ్ళకు మూసినానంటివే. సంవత్సరానికి తెరుసుకున్యాదా నీ అంగడి?"

నేను పోయి మిషన్ మూత వేశాను.

"కోర్టులో గూడా ఇట్లే చెప్తావా?"

"పిలిస్తే చెప్తా."

అలా అంటానని నేను అనుకోలేదు. బల్ల పట్టుకున్నాను.

అప్పుడు గంగులమ్మ ఇటు తిరిగింది. "బావా, మనం ఆ పొద్దు ఆ చేనిదారిలో లేము. పోలీసోళ్ళకు నువ్వు పేర్లు చెప్తివి, నేను యేలు ముద్ర యేస్తి. ఈ మనిషేమో ఆ పిల్లోడు ఈడ ఉండాడంటాండాడు. లేనోని పేరు నా మొగుని పక్కన ఎందుకు? రాళ్ళు ఎత్తించు."

నాగప్ప ఆమెను ఏమీ అనలేదు. నాతో మాత్రం, "యాపారం చేసుకునేటోనివి, చేసుకో. ఎవురొచ్చి చేయించుకుంటారో చూస్తా" అన్నాడు. పేర్ల రాయి వద్దని ఇక్కడే వదిలేశాడు. బొమ్మ రాయి తీసుకుపోయారు.

మీ లాయరు పేరు, ఊరు రాయి. నువ్వు రాయకపోతే నేనే కడప వచ్చి కనుక్కుంటాను.

ఎర్రన్న


జమ్మలమడుగు,
26 జనవరి 2019.

వలి బాషాకు,

నువ్వు జవాబు రాయలేదు. లాయరును నేనే వెతుక్కున్నాను.

మొన్న కోర్టులో నువ్వు వెనక బోనులో, పోలీసుల నడుమ ఉన్నావు. ఫ్యాను చప్పుడుకు ఏం జరిగిందో నీకు వినిపించిందో లేదో. అందుకే రాస్తున్నాను.

మీ లాయరు అడిగినవాటికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తర్వాత సర్కారు వకీలు లేచాడు.

"పోలీసులకు ఏమని చెప్పినారు?"

"అంగడి మూసి ఉందని."

"ఈ రోజు ఏమంటున్నారు?"

"తెరిచి ఉందని."

"రెండిట్లో ఏది అబద్ధం?"

"మొదటిది."

"ఎందుకు చెప్పినారు?"

"భయపడి."

"ఇప్పుడు భయం పోయిందా?"

"పోలేదు."

జడ్జిగారు తల ఎత్తి చూసి, అది కూడా రాయించారు.

వకీలు వదలలేదు. "ట్యూబు మార్చడానికి పగలంతా కావాలా? ఇంట్లో ట్యూబులైటు నేను రెండు నిమిషాల్లో మారుస్తా" అన్నాడు. కోర్టులో నవ్వారు. నేను చెప్పాను. కరెంటు దిగడానికి గంట. నీళ్ళు వంచి, పాతది ఎత్తి, కొత్తదానికి తీగ చుట్టడానికి రెండు గంటలు. గమ్ము ఎండడానికి నాలుగు గంటలు, ఆ నాలుగు గంటలు మనిషి చేసేది ఏమీ ఉండదు, కూర్చోవాలి. మూడు గంటలకు వలి బాషా మా బెంచీ మీద కూర్చొని గమ్ము ఎండిందా అని వేలితో చూస్తున్నాడు. తర్వాత అద్దాలు. "ఇవన్నీ మీకెట్లా తెలుసు? మిషన్ నడిపేది మీ భార్య అని మీరే చెప్పినారు" అన్నాడు. "ఆమె పోయినాక నేనే మార్చాను. ఒక్కడినే మార్చేసరికి నాకు నెల పట్టింది. వాళ్ళిద్దరూ ఒక పగల్లో చేశారు" అన్నాను. ఆయన కాగితాలు చూసుకొని కూర్చున్నాడు.

నా మాట నిలుస్తుందో లేదో తెలియదు. ఒకసారి అబద్ధం చెప్పినవాడి మాట ఎంతవరకు నమ్మాలో జడ్జిగారి ఇష్టం అని మీ లాయరు అన్నాడు.

అంగడి తీస్తున్నాను. ఎవరూ రావడం లేదు. బోర్డు మీద తారు పూశారు. అబ్దుల్ సలాం కిరసనాయిలు తెచ్చి తుడుస్తుంటే వద్దన్నాను, అతనికి పిల్లలున్నారు. రోజూ పొద్దున మిషన్ వేసి, మోటారు చూసి, కాసేపు తిప్పి ఆపేస్తున్నాను. వాడకపోతే పాడవుతుందని పుస్తకంలో ఉంది.

తీర్పు మార్చిలో అన్నారు.

ఎర్రన్న


పులివెందుల,
21 మార్చి 2019.

సారుకు సలాం.

తీర్పు వచ్చింది. మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. పదకొండు మందిలో ఆరుగురికి యావజ్జీవం. ఐదుగురిని వదిలేశారు. నా గురించి రాసినచోట జడ్జిగారు మీ మాటనే ఎత్తి రాశారు. భయం పోలేదని ఒప్పుకున్న సాక్షిని నమ్మడానికి అడ్డు లేదని ఉంది. లాయరు చదివి వినిపించాడు.

మా చెల్లెలు సాజిదా ఇంట్లో ఉన్నాను. బావకు ఇక్కడ మోటార్లు చుట్టే అంగడి ఉంది. ఎన్నికలు అయ్యేదాకా ప్రొద్దుటూరులో కనిపించొద్దని అన్న అన్నాడు. అన్న ఆ జీపు తోలడం మానేశాడు. మానేసినట్టు చెప్తున్నాడు.

మీకు కృతజ్ఞత చెప్పాల. చెప్తున్నాను. అది నిజం. ఇంకో నిజం కూడా ఉంది, అది కూడా రాస్తాను, మీరు నాకు చెప్పినట్టే.

మీరు జనవరిలో చెప్పిన మాటే పోలీసులు వచ్చిన పొద్దు చెప్పి ఉంటే మా అమ్మ కడప బస్సు ఎక్కి ఉండేది కాదు. ఈ లెక్క నేను ఎన్నిసార్లు వేసినా అదే వస్తుంది. మీకూ అదే వస్తుందని తెలుసు. అందుకే సమాధి దగ్గరికి పోయినారు.

జూలైలో మీరు బొమ్మ గీసి పంపినప్పుడు నేను రెండు ఉత్తరాలు రాశాను. మొదటిదాంట్లో అంతా సరిగ్గా ఉంది, స్విచ్చి వేయండి అని రాశాను. కవరులో కూడా పెట్టాను. పొద్దున ఆఫీసులో ఇచ్చే ముందు తీసి చించేశాను. మీ మీద జాలితో కాదు. తప్పు పని చెప్పి పంపితే నేను నేర్చుకున్నది నాకు పనికిరాకుండా పోతుందని. మీరు నన్ను మంచివాడినని అనుకోకూడదు, అందుకని రాస్తున్నాను.

అంగడి ఖాళీగా ఉందని అబ్దుల్ సలాం ఫోనులో చెప్పాడు. మిషన్ అమ్మేస్తారేమో అన్నాడు. అమ్మొద్దు. పులివెందులలో స్కూళ్ళ షీల్డులు చేసేవాళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళకు ఏ పార్టీతో పని లేదు. మీ నంబరు ఇచ్చాను. చెక్క, అక్రిలిక్ పని. రాయి కన్నా తేలిక. తక్కువ పవరులో పెట్టుకోండి.

నేను జమ్మలమడుగు ఇప్పుడు రాలేను సార్. బస్టాండు దాకా పోయి రెండుసార్లు తిరిగి వచ్చాను. మీ అంగట్లో ఆ బెంచీ మీద కూర్చుంటే నాకు ఏ మాట నోటికి వస్తుందో నాకే తెలియదు. అక్క తిరిగిన చోట ఆ మాట అనకూడదు.

నా కోపం అయిపోయిన రోజు నేనే వస్తాను. అందాకా మీరు పిలవొద్దు. పిలిస్తే రాకుండా ఉండలేను.

వలి బాషా